బిల్లు సరే, సరుకేదీ?

2023 జూలై చివరి వారంలో ఒకే వీడియో నాకు పదకొండు మంది పంపారు. గోరంత నల్లటి ముక్కను అయస్కాంతం మీద పెడితే ఒక కొస ఆనుకుని, రెండో కొస గాలిలో లేచి ఉంటుంది. అంతే వీడియో. దాని కింద రాసిన మాటలు మాత్రం చాలా పెద్దవి. ప్రపంచంలో కరెంటు కొరత తీరిపోయిందట, పెట్రోలు దేశాల పని అయిపోయిందట, ఈ శతాబ్దంలోనే అతి పెద్ద ఆవిష్కరణ జరిగిపోయిందట!

పంపిన పదకొండు మందిలో ఏడుగురు మన హేతువాద మిత్రులే. గాలిలోంచి విభూతి తీసే స్వాముల చేతివాటాన్ని ఊరూరా తిరిగి బయటపెట్టిన వాళ్ళు. ఈ ముక్క గాలిలో తేలుతుంటే మాత్రం "దారం ఎక్కడ కట్టాడో చూడండి" అని ఒక్కరూ అనలేదు. ఎందుకంటే ఈసారి తేల్చింది కాషాయం కట్టినవాడు కాదు, తెల్లకోటు వేసుకున్నవాడు.

ఆ ఏడుగురి కోసం ఈ వ్యాసం రాస్తున్నాను. నేను కూడా ఒక పూట నమ్మాను కనుక ఎనిమిది మంది అనుకోండి.

నేను శాస్త్రవేత్తను కాను. బి.కాం. చదివి, రక్షణ ఖాతాల శాఖలో ముప్పై అయిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను. లెడ్జర్లు, వోచర్లు, స్టాకు తనిఖీలు తప్ప నాకు వేరే విద్య రాదు. అయితే ఆ విద్య ఒక సంగతి నేర్పింది. కాగితం మీద ఉన్న సరుకు వేరు, గోడౌనులో ఉన్న సరుకు వేరు. ఈ తేడా తెలుసుకోవడానికి ఫిజిక్సు అక్కర్లేదు.

ముందు అసలు విషయం చూద్దాం. మామూలు తీగలో కరెంటు పోతుంటే కొంత వేడిగా మారి నష్టపోతుంది. కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే ఆ నష్టం పూర్తిగా పోతుంది. వీటిని అతివాహకాలు అంటారు. 1911లో కామర్లింగ్ ఓనెస్ పాదరసంలో ఈ గుణం చూశాడు. సున్నాకు 269 డిగ్రీల దిగువన! 1986లో బెడ్నార్జ్, ముల్లర్ కొత్త రకం పింగాణీ పదార్థాల్లో దీన్ని కనుక్కున్నారు, మరుసటి సంవత్సరమే నోబెల్ బహుమతి వచ్చింది. ఆ 1987లోనే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిస్తే చాలునన్న పదార్థం దొరికింది. అంటే మైనస్ 196 డిగ్రీలు. ఆస్పత్రుల్లో ఎమ్.ఆర్.ఐ. యంత్రాలు అతివాహకాలతోనే పనిచేస్తున్నాయి. కాబట్టి అతివాహకం అబద్ధం కాదు. అయితే దాన్ని చల్లగా ఉంచడానికయ్యే ఖర్చు మామూలుది కాదు.

ఇక ఎల్.కె.-99 అనే ముక్క సంగతి. 2023 జూలై 22న దక్షిణ కొరియాకు చెందిన ఒక చిన్న పరిశోధన సంస్థవారు రెండు పత్రాలు ఇంటర్నెట్‌లో పెట్టారు. సీసం, భాస్వరం, ఆక్సిజన్, కొంచెం రాగి కలిపి 925 డిగ్రీల దగ్గర కాల్చితే వచ్చిన పదార్థం 127 డిగ్రీల వేడిలో కూడా అతివాహకంగా పనిచేస్తుందని వాళ్ళు ప్రకటించారు. చల్లబరచడం ఏమిటి, నీళ్ళు మరిగే వేడిలో కూడా పనిచేస్తుందన్నమాట! కొరియాలో సంబంధం ఉన్న షేర్లు, లేని షేర్లు కూడా ఎగిశాయి.

తరువాత ఏమి జరిగిందో మన మిత్రులు పంపలేదు. అది నేనే వెతుక్కుని చదివాను. అసలు కథ అక్కడే ఉంది.

పత్రంలో వంట విధానం రాసి ఉంది కనుక ప్రపంచమంతా వండడం మొదలుపెట్టింది. మొదట వండినవాళ్ళలో ఢిల్లీలోని మన జాతీయ భౌతిక ప్రయోగశాల వాళ్ళు ఉన్నారు. పది రోజులు తిరగకుండానే ఫలితం చెప్పారు: అతివాహకత్వం కనబడలేదని. చైనా వాళ్ళు సగం తేలడానికి మామూలు అయస్కాంత గుణం సరిపోతుందని చూపించారు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పనిచేసే ప్రశాంత్ జైన్ అనే రసాయన శాస్త్రవేత్త ఇంకో సంగతి పట్టుకున్నాడు. కొరియా వాళ్ళ గ్రాఫులో నిరోధం ధబాలున పడిపోయింది 104 డిగ్రీల దగ్గర. ఆ అంకె ఆయనకు ముందే తెలుసు. రాగి సల్ఫైడు అనే పదార్థం స్వరూపం మార్చుకునేది సరిగ్గా అక్కడే. ఎల్.కె.-99 వండేటప్పుడు మాడుగా తయారయ్యేది కూడా ఆ రాగి సల్ఫైడే! చివరకు జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థవారు ఆ మాడు ఏమీ లేకుండా శుభ్రమైన స్ఫటికం తయారు చేశారు. ఊదారంగులో, కాంతి ఆర్‌పార్ కనబడే స్ఫటికం. అది అతివాహకం కాదు సరికదా, అసలు కరెంటును పోనివ్వని పదార్థమని తేలింది.

ఆగస్టు మధ్యకు లెక్క తేలిపోయింది. పట్టుమని నాలుగు వారాలు పట్టలేదు. డిసెంబరులో కొరియా శాస్త్రవేత్తల కమిటీ కూడా ఆధారం లేదని తేల్చింది.

అప్పుడు మొదలయ్యాయి రెండో విడత సందేశాలు. "చూశారా, సైన్సు కూడా నమ్మకమే. ఇవాళ ఒకటి చెబుతుంది, రేపు కాదంటుంది" అని భక్తుల వైపు నుంచి. "పెట్రోలు కంపెనీలు తొక్కేశాయి" అని మన వైపు నుంచి. రెండూ తప్పే.

మొదటి దానికి జవాబు. స్టాకు తనిఖీలో తక్కువ తేలితే తనిఖీ విఫలమైనట్టా? తనిఖీ పనిచేసినట్టు. నాలుగు దేశాల వాళ్ళు, ఎవరూ ఎవరి కిందా పనిచేయని వాళ్ళు, నెల తిరక్కుండా అదే వంట వండి చూసి "ఇక్కడ సరుకు లేదు" అన్నారు. ఏ పీఠంలో, ఏ ఆశ్రమంలో, ఏ దర్గాలో ఇలాంటి తనిఖీ జరిగిందో ఒక్క ఉదాహరణ చెప్పండి.

రెండో దానికి జవాబు. విధానం ప్రపంచానికంతా తెలిసిపోయాక తొక్కేయడం ఎవరివల్ల అవుతుంది? సీసం, రాగి, కొలిమి ఉన్న ఏ కాలేజీ ల్యాబులోనైనా చేసుకోవచ్చు. రహస్యం ఉన్న చోట కుట్ర ఉండవచ్చు గాని, బహిరంగంగా పెట్టిన వంటలో కుట్ర ఏమిటి? పైగా మన దేశంలో కరెంటు నష్టం 15, 16 శాతం ప్రాంతంలో ఉందంటే అందులో కొక్కేలు తగిలించి వాడుకునేది, వసూలు కాని బిల్లులు కూడా కలిసి ఉన్నాయి. వాటిని ఏ అతివాహకం ఆపుతుంది?

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఊరికే ఇతరుల తప్పులు ఎంచినట్టవుతుంది.

1990లలో ఉత్తరాదిన ఒక కంటోన్మెంటులో లోకల్ ఆడిట్‌లో ఉన్నాను. అక్కడి వాహనాల డిపో ఒకటి బ్యాటరీల్లో వేసే పొడి కొన్నది. చచ్చిపోయిన బ్యాటరీలో ఆ పొడి కలిపి చార్జింగు పెడితే మళ్ళీ బతుకుతుందని అమ్మినవాడి మాట. ఫైలు నా దగ్గరికి వచ్చింది. మూడు కొటేషన్లు ఉన్నాయి. మంజూరు ఉంది. సరుకు అందినట్టు రిసీట్ వోచరు ఉంది. "ఇరవై బ్యాటరీల్లో వేస్తే పదకొండు పనిచేస్తున్నాయి, ఫలితం సంతృప్తికరం" అని వాడినవాళ్ళ రిపోర్టు కూడా ఉంది. కాగితాల్లో వంక పెట్టడానికి లేదు. పాస్ చేశాను.

తరువాత ఒకరోజు వేరే పని మీద చార్జింగు గదికి వెళ్ళాను. అక్కడ ఉన్న హవల్దారు టీ ఇప్పించి, నవ్వుతూ అన్నాడు. "సాబ్, డిస్టిల్డ్ వాటర్ పోసి రెండు రోజులు నెమ్మదిగా చార్జి చేస్తే పొడి లేకపోయినా సగం లేస్తాయి."

అంతే. ముప్పై అయిదేళ్ళ సర్వీసులో నేను విన్న అత్యంత శాస్త్రీయమైన మాట అది. పొడి వేసిన ఇరవై చూశారు. పొడి వేయని ఇరవై ఎక్కడ? ఆ ప్రశ్న ఫైలులో లేదు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మరుసటి సంవత్సరం మళ్ళీ అదే పొడి బిల్లు వచ్చింది. అప్పటికి నాకు తెలుసు. అయినా కాగితాలు సరిగ్గా ఉన్నాయి. పొడి పనిచేస్తుందో లేదో చూడటం నా పని కాదనుకున్నాను, సంతకం పెట్టాను. పెద్ద మొత్తం కాదు. కాని ప్రజల సొమ్ము. ఆ సంతకం ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

రిటైరయ్యాక చదివితే తెలిసింది, ఇదే నాటకం అమెరికాలో నలభై ఏళ్ళ ముందే ఆడి ఉందని. ఏ.డి.-ఎక్స్ 2 అనే బ్యాటరీ పొడి. దాంట్లో ఉన్నవి ముఖ్యంగా సోడియం సల్ఫేటు, మెగ్నీషియం సల్ఫేటు. రెండోది మనం విరేచనానికి వాడే ఎప్సం లవణమే! అక్కడి జాతీయ ప్రమాణాల బ్యూరో పరీక్షించి, వేసినా వేయకపోయినా తేడా లేదని చెప్పింది. అమ్మినవాడు సంతృప్తి చెందిన వినియోగదారుల ఉత్తరాలు కట్టలు కట్టలుగా తెచ్చాడు. 1953లో కొత్తగా వచ్చిన వాణిజ్య మంత్రి సింక్లెయిర్ వీక్స్, బ్యూరో వాళ్ళు మార్కెట్ ఇచ్చే తీర్పును పట్టించుకోలేదని ఆక్షేపించి, బ్యూరో డైరెక్టరు ఆలన్ ఆస్టిన్‌ను రాజీనామా చేయమన్నాడు. శాస్త్రవేత్తలు పెద్ద ఎత్తున తిరగబడ్డారు. ఆస్టిన్ పదవిలో నిలిచాడు. ఆ సంవత్సరం చివరికి అక్కడి జాతీయ శాస్త్ర అకాడమీ కమిటీ కూడా బ్యూరో పరీక్షలే సరైనవని తేల్చింది.

వినియోగదారుల ఉత్తరాలు అంటే ఏమిటి? "స్వామి వారి తాయెత్తు కట్టుకున్నాక మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది" అనే ఉత్తరం లాంటిదే. తాయెత్తు కట్టుకుని ఉద్యోగం రానివాడు ఉత్తరం రాయడు.

ఇప్పుడు దొంగ వోచరు సంగతి. ఆడిటరు దొంగ బిల్లును ఎలా పడతాడో తెలుసా? అంకెలు తప్పుంటే కాదు. అంకెలు అందరూ సరిగ్గానే వేస్తారు. రెండు వేర్వేరు తేదీల బిల్లుల మీద ఒకే చోట ఒకే సిరా మరక ఉంటే పడతాడు. నిజమైన బిల్లులకు మరకలు వేరువేరుగా ఉంటాయి.

కొలతల్లో కూడా అలాంటి మరకలు ఉంటాయి. ఏ పరికరంతో కొలిచినా గీత కాస్త వణుకుతుంది. ఆ వణుకు ప్రతిసారీ వేరుగా ఉండాలి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యాన్ హెండ్రిక్ షోన్ అనే యువ శాస్త్రవేత్త 2000 ప్రాంతంలో సేంద్రియ పదార్థాలతో అద్భుతాల మీద అద్భుతాలు ప్రకటించాడు. వేర్వేరు ప్రయోగాలన్న గ్రాఫుల్లో వణుకు అచ్చంగా ఒకటే అని బయటి విశ్వవిద్యాలయాల వాళ్ళు గమనించారు. 2002లో విచారణ కమిటీ 24 ఆరోపణల్లో 16 నిజమని తేల్చింది. ఉద్యోగం పోయింది. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో రంగా డయాస్ ప్రకటించిన గది వేడిమి అతివాహకాల పత్రాలు రెంటినీ 'నేచర్' పత్రిక వెనక్కు తీసుకుంది, ఒకటి 2022లో, ఇంకొకటి 2023లో.

మన దేశంలో కూడా 2018లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ నుంచి బంగారం, వెండి సూక్ష్మ కణాలతో మైనస్ 37 డిగ్రీల దగ్గరే అతివాహకత్వం అన్న ప్రకటన వచ్చింది. రెండు వేర్వేరు కొలతల్లో వణుకు ఒకటే ఉందని బయటివాడొకడు చూపించాడు. 2019లో వాళ్ళు మరిన్ని వివరాలతో మళ్ళీ పత్రం పెట్టారు. వాళ్ళు మోసం చేశారని నేను అనడం లేదు, అలా అని ఎవరూ తేల్చలేదు. నేను అనేది ఒకటే. 2018లో "భారతీయుల ఘనత" అని మొదటి పేజీలో వేసిన పత్రికలు, ఆ మరక సంగతి ఏ పేజీలో వేశాయి?

మన ప్రాచీన ఘనత మాట కూడా ఇందులోనే చెప్పుకోవాలి. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్తలు పదిహేడవ శతాబ్దపు డమాస్కస్ కత్తిలో కార్బన్ నానోట్యూబులు కనుగొన్నారు. అలాంటి కత్తులకు ఉక్కు మన దేశం నుంచి పోయేది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊరు. ఇది నిజం, గర్వించదగ్గ నిజం. వెంటనే "మన పూర్వీకులకు నానో టెక్నాలజీ తెలుసు" అని ఉపన్యాసాలు మొదలయ్యాయి. మా అమ్మ ఇడ్లీ పిండి బ్రహ్మాండంగా పులియబెట్టేది. అందుకని ఆమెకు సూక్ష్మజీవ శాస్త్రం తెలుసందామా? కొలిమి పనివాళ్ళ చేతి నేర్పు గొప్పది. ఆ నేర్పును వాళ్ళ నుంచి లాక్కుని ఋషుల ఖాతాలో జమ వేయడం తప్పుడు పద్దు.

వైమానిక శాస్త్రంలోని అద్భుత లోహాల కథ ఇంకా అన్యాయం. ఆ పుస్తకం 1904కు ముందుది కాదని, అందులోని విమానాలు ఎగరవని భారతీయ విజ్ఞాన సంస్థవారే 1974లో తేల్చి చెప్పారు. అయినా 2015లో ముంబయి సైన్సు కాంగ్రెసులో దాని మీద ప్రసంగం పెట్టించారు. ఒకసారి రైటాఫ్ చేసిన సరుకును మళ్ళీ స్టాకులో చూపించడం అంటే ఇదే.

"అయితే కొత్త పదార్థాల పరిశోధనంతా బూటకమా?" అని అడుగుతారు. కానే కాదు. అందుకే ఇంత కోపం.

లిథియం ఐరన్ ఫాస్ఫేటు అనే పదార్థాన్ని తీసుకోండి. 1997లో టెక్సాస్‌లో గుడ్‌ఎనఫ్ గారి ల్యాబు నుంచి పత్రం వచ్చింది. ఆయన తోటి రచయితలు పాఢి, నంజుండస్వామి, ఇద్దరూ మనవాళ్ళే. గాలిలో తేలే వీడియో లేదు. పైగా ఈ పదార్థం కరెంటును సరిగా పోనివ్వదని మొదట్లోనే తెలుసు. దానికి కార్బన్ పూత పూసి, కణాలు చిన్నవి చేసి, ఏళ్ళ తరబడి కుస్తీ పట్టారు. 2024 నాటికి ప్రపంచంలో విద్యుత్ కార్ల బ్యాటరీల్లో దాదాపు సగం ఇదే రకం. తయారీలో సింహభాగం చైనాది. మనం దిగుమతి చేసుకుంటున్నాం. హైదరాబాదు బాలాపూర్‌లోని ఏ.ఆర్.సి.ఐ. వాళ్ళు ఈ పదార్థం తయారీకి సొంత పద్ధతి కనుక్కున్నారు. ఆ సంగతి మీకు వాట్సాప్‌లో ఎంతమంది పంపారు?

పెరోవ్‌స్కైట్ సౌర ఘటాలు 2009లో జపాన్‌లో మియసాకా చేసినప్పుడు 3.8 శాతం ఎండనే కరెంటుగా మార్చాయి. ఇప్పుడు 26 శాతం దాటాయి. ఈ రంగంలో రికార్డు లెక్కలోకి రావాలంటే ఘటాన్ని బయటి ప్రయోగశాలకు పంపి కొలిపించాలి. మీ ల్యాబులో మీరే కొలుచుకున్నది రికార్డు కాదు. తేమకు, వేడికి ఇవి త్వరగా పాడవుతాయని కూడా చేసినవాళ్ళే చెబుతున్నారు. లోపం తామే చెప్పేది శాస్త్రం. లోపం అడిగితే శాపం పెట్టేది బాబాతనం, అది ఏ కోటు వేసుకున్నా సరే.

ఇక డబ్బు సంగతి, నాకు తెలిసిన సంగతి. 2023 జనవరిలో కేంద్రం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు రు. 19,744 కోట్లు కేటాయించారు. అందులో పరిశోధనకు రు. 400 కోట్లు. అంటే నూటికి రెండు రూపాయలు! మిగతాదంతా ఉత్పత్తి ప్రోత్సాహకాలకు, పైలట్ ప్రాజెక్టులకు, ఇతరాలకు. హైడ్రోజన్‌ను చౌకగా విడదీసే ఉత్ప్రేరకాలు, పొరలు కావాలంటే అవి ల్యాబులోనే పుట్టాలి. మొత్తం మీద దేశం పరిశోధనకు పెట్టేది స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. ఇంత తక్కువ సొమ్ములో ఒక్క రూపాయి బూటకానికి పోయినా అది ఏ మారుమూల ల్యాబులోనో పదేళ్ళుగా ఓపికగా పూతలు పూస్తున్న మనిషి నోటి దగ్గర కూడు.

కాబట్టి మిత్రులారా, ఈసారి అద్భుత పదార్థం వార్త వస్తే పంపే ముందు ఈ అయిదు అడగండి.

1. చేసినవాళ్ళు కాక ఇంకెవరైనా చేసి చూశారా?

2. అది లేకుండా చేసిన ప్రయోగం ఏది? పొడి వేయని ఇరవై బ్యాటరీలు ఎక్కడ?

3. విధానం, అసలు కొలతలు బయటపెట్టారా, గ్రాఫు బొమ్మ మాత్రమే ఇచ్చారా?

4. ఎన్ని గ్రాములు చేశారు, ఎన్నాళ్ళు నిలిచింది, కిలో ఎంత పడుతుంది?

5. దీని లోపమేమిటో వాళ్ళే చెప్పారా?

రాజ్యాంగంలో 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అంటుంది. బాబాల వరకే అని అందులో రాయలేదు.

ఆ హవల్దారు ఏ సంఘంలోనూ సభ్యుడు కాదు. ఇంటర్ కూడా చదివి ఉండడు. అతను ప్రతిరోజూ బ్యాటరీలు చూస్తాడు కనుక ఆ మాట అన్నాడు. బి.కాం. చదివి, హేతువాదినని చెప్పుకునే నేను ఆ మాట విని కూడా రెండోసారి సంతకం పెట్టాను. మీరు పెట్టకండి.